తేదీని నమ్ముకున్న కొరియర్

తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడికీ నాకూ పెద్ద గొడవేమీ లేదు. ఒకరినొకరం భరించలేకపోయాం, అంతే. ఉప్పల్‌లో కంప్యూటర్లు బిగించే దుకాణంలో స్క్రూలు తిప్పుతూ మొదలుపెట్టి, నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇన్‌స్టలేషన్ విభాగం పెద్దగా రిటైరయ్యాను. మధ్యలో ఏం జరిగిందో చెప్పమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు మొదటిరోజే టీషర్టు ఇస్తారు, మెడలో వేసుకునే కార్డు ఇస్తారు, ఫొటో తీసి లోకమంతటికీ చూపిస్తారు. పని ఏమిటో మాత్రం చెప్పరు.

నేను చెబుతాను. మనం రాసిన ప్రోగ్రాము మన ఆఫీసులో ఉంటుంది. కొనుక్కున్నవాడి కంప్యూటర్ ఇంకెక్కడో ఉంటుంది. ఇక్కడి ఫైళ్ళు అక్కడికి చేర్చాలి, అక్కడ పని ఆగకూడదు. దీన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. పేరు వింటే సైన్యం సరిహద్దుకు బయల్దేరినట్టు ఉంటుంది. మేం బయల్దేరేది మాత్రం మల్లాపూర్‌లో పచ్చళ్ళ యూనిట్‌కు, నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీకి, మౌలాలి వైపు మసాలాపొడుల షెడ్డుకు. మా కంపెనీ సరుకు అది: చిన్నచిన్న తిండి ఫ్యాక్టరీలలో ప్యాకెట్ల మీద అంటించే లేబుళ్ళు ముద్రించే సాఫ్ట్‌వేర్.

పక్కవాళ్ళింట్లో సామాను సర్దడం

మొదట్లో ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బండి మీద తిరిగేవాళ్ళం. తర్వాత ఇంటర్నెట్ మీద మా అంతట మేమే పంపేలా ఒక పనిముట్టు రాసుకున్నాం. దానికి మేం పెట్టుకున్న పేరు ‘కొరియర్’. కొన్నాళ్ళు అది మంచి మూర్ఖుడిలాగే పనిచేసింది. ఉన్నవన్నీ ఎత్తుకుపోయి, అక్కడున్న వాటి మీద పడేసి వచ్చేది. చిన్న మార్పుకు కూడా మొత్తం మోసేది. ఫ్యాక్టరీల నెట్ సంగతి మీకు తెలుసు, ఆగి ఆగి నడుస్తుంది. అందుకని కొరియర్‌కు కొంచెం బుద్ధి నేర్పాలనుకున్నాం. రెండు చోట్లా ఉన్న ఫైళ్ళను పోల్చి, అవసరమైనవే పంపాలి. దీన్ని సింక్ అంటారు.

ఇది వినడానికి సులువు. నేను ఒక్క ముక్కలో చెబుతాను, రాసుకోండి: సింక్ అంటే పక్కవాళ్ళింట్లోకి వెళ్ళి సామాను సర్దడం. ఏది చెత్తో ఏది సరుకో ఇంటివాళ్ళను అడక్కుండా తేల్చేస్తే, మీరు సర్దుతున్నట్టు కాదు, దోచుకుంటున్నట్టు.

ఉప్పల్‌లో ఒక పచ్చళ్ళ యూనిట్ సూపర్‌వైజర్ ఉండేవాడు. తన చెల్లెలి పెళ్ళి ఫొటోలన్నీ మా ప్రోగ్రాము ఫోల్డర్‌లో దాచుకున్నాడు. "ఇంద్ల ఎందుకు పెట్టినవ్?" అని అడిగితే, "దీని పేరు ఇంగ్లీషుల ఉన్నది గదన్నా, ఎవ్వడు ముట్టడు. గిదే సేఫు" అన్నాడు. కొరియర్‌లో ‘మన దగ్గర లేనివి అక్కడుంటే తీసెయ్’ అనే ఆప్షన్ పెట్టాలని మా ఆఫీసులో ఉత్సాహపడుతున్న రోజులవి. నేను ఆ పెళ్ళి సంగతి చెప్పాను. మీటింగులో అందరూ నవ్వారు. నవ్వినా, ఆ ఆప్షన్‌ను మామూలుగా ఆపి ఉంచడానికి ఒప్పుకున్నారు. ఒక పెళ్ళి నిలబడింది.

ఆ నవ్వే తర్వాత మమ్మల్ని ముంచింది. ఇదేదో జోకు, అయిపోయింది అనుకున్నారు.

రెండు ఆప్షన్లు ఎలా చచ్చిపోయాయి

సింక్ ఆప్షన్లు రాసింది స్వాతి అనే ఇంజినీరు. ఘట్‌కేసర్ దగ్గర కాలేజీలో చదివి, అక్కడి నుంచే రోజూ వచ్చేది. తక్కువ మాట్లాడేది, ఆలోచించి రాసేది. అలాంటివాళ్ళను చూస్తే నాకు భయం, ఎందుకంటే నేను రెండూ తలకిందులుగా చేస్తాను.

ఆమె మూడు రకాలుగా పోల్చేలా రాసింది. మొదటిది ‘కొత్తదే ఉంచు’. రెండు చోట్లా ఒకే ఫైలు ఉంటే, ఏది చివరగా మారిందో తేదీ చూసి, ఆ తర్వాతి తేదీ ఉన్నదాన్ని నిలబెడుతుంది. రెండోది లోపలి సరుకును అక్షరం అక్షరం పోలుస్తుంది, తేడా ఉంటే ఆగిపోతుంది. మూడోది అసలేమీ మార్చకుండా, ఏమేం మార్చబోతోందో ముందే అక్కడి మనిషికి చూపించి అడుగుతుంది.

మా యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ప్రభుత్వరంగ సంస్థలో ఇంజినీరుగా చేసి, మానేసి, ఈ కంపెనీ పెట్టినవాడు. గుంటూరు వైపు మనిషి. తెలివైనవాడే, కానీ ఆ తెలివంతా డెమోలో ఎలా కనబడుతుందన్న దాని చుట్టూ తిరిగేది.

"అమ్మాయ్, ఈ పోల్చడం ఇంత నెమ్మదేంటి? కస్టమరు ముందు కూర్చుని టీ తాగాలా నేను?" అన్నాడు.

"తేదీ ఒక్కటే నమ్మితే కష్టం సార్. అక్కడి కంప్యూటర్ గడియారం తప్పుంటే మొత్తం తారుమారైతది" అంది స్వాతి.

"ఈ కాలంలో గడియారం తప్పుండే కంప్యూటర్ ఎక్కడుందమ్మా? నెట్‌లోంచి టైము అదే సరిచేసుకుంటుంది. కొత్తదే ఉంచు, అదొక్కటి చాలు. ఆ అడగడమైతే అసలొద్దు. కస్టమర్ని అడిగామంటే మనకు తెలీదని అర్థం."

నేను కలగజేసుకున్నాను. "సార్, మంగలి గూడ గడ్డం మొత్తం తీసెయ్యాల్నా అని ఒక్కసారి అడుగుతడు. ఆయనకు పని రాదా?"

"యాదగిరీ, నీ జోకులు క్యాంటీన్లో వేసుకోవయ్యా."

ఆ విధంగా రెండు ఆప్షన్లు చచ్చిపోయాయి. మిగిలిన ఒక్కటీ అన్ని ఫ్యాక్టరీలకూ వెళ్ళిపోయింది. ఆఫీసులో ఎన్నిసార్లు పరీక్షించినా బ్రహ్మాండంగా పనిచేసింది. పనిచెయ్యక ఏం చేస్తుంది? మా ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఈరోజు తేదీ ఏమిటో తెలుసు.

పద్మ లేబులు

నాచారంలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ. లేబుళ్ళ కంప్యూటర్ దగ్గర పనిచేసేది పద్మ, జనగామ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. భర్త అదే వీధిలో వేరే ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేసేవాడు. నిలబడి ప్యాకెట్లు కట్టే పని నుంచి కూర్చుని చేసే పనికి వచ్చింది పద్మ. ఆ కుర్చీ ఆమెకు ఎంతో, అక్కడ నిలబడి పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది.

వాళ్ళ జీడిపప్పు బిస్కెట్లో కొత్తగా పల్లీల పొడి కలపడం మొదలుపెట్టారు. పల్లీలు పడని పిల్లలుంటారు. కాబట్టి లేబుల్ మీద ‘ఇందులో పల్లీలు ఉన్నాయి’ అని ఉండాలి. పద్మ ఆ లైను చేర్చింది, లేబుళ్ళు ముద్రించింది. అంతా బాగానే నడిచింది. తర్వాత ఆమె ఊళ్ళో ఫంక్షన్ ఉందని సెలవు పెట్టి వెళ్ళింది. అదే సమయానికి మా ఆఫీసు నుంచి కొరియర్ ఒక అప్‌డేట్ మోసుకెళ్ళింది. ఆ మర్నాడు పద్మ కుర్చీలో వేరే ఎవరో కూర్చుని, తెర మీద ఏది కనబడితే అది ముద్రించేశారు. ఆ లేబుళ్ళ మీద పల్లీల లైను లేదు.

ఆ ప్యాకెట్లు సైనిక్‌పురి దాకా వెళ్ళాయి. ఒక చిన్నపిల్ల తిని, మూతి వాచి, ఊపిరందక దవాఖానా పాలైంది. బతికింది. ఈ వాక్యం రాయగలుగుతున్నాను కాబట్టి మిగిలింది రాస్తున్నాను. లేకుంటే ఇందులో జోకు అన్నది ఉండేది కాదు.

ఫ్యాక్టరీ సేటు ఏం చేశాడు? పద్మను పట్టుకున్నాడు. పాత లేబులు పెట్టి ఊరికి పోయిందన్నాడు. మా పెద్దసారు ఏం చేశాడు? నన్ను పిలిచాడు.

"యాదగిరీ, వెళ్ళి చూసి, ఆపరేటర్ పొరపాటు అని చెప్పేసి రావయ్యా. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ కూడా వస్తాడట. మన సాఫ్ట్‌వేర్ పేరు బయటికి రాకూడదు."

"సూసినంక చెప్పాల్నా సార్, చెప్పి సూడాల్నా?"

నేను స్వాతిని వెంటబెట్టుకుని బయల్దేరాను.

తెర మూల

పద్మ ప్యాకింగ్ హాల్లో గోడ పక్కన నిలబడి ఉంది. కుర్చీలో సేటు కూర్చున్నాడు. అది చూడగానే సగం విషయం అర్థమైంది నాకు.

"గీమెనే" అన్నాడు సేటు. "ఆరాముగ ఊరికి పోయింది. నా ఇజ్జత్ తీసింది. రేపటి సంది రావద్దని చెప్పిన. ఇన్‌స్పెక్టర్ వస్తే గీమెనే ముంగట నిలబెడ్త, గీమె పేరే రాసుకొమ్మంట."

"నేను లైను పెట్టే పోయిన సార్" అంది పద్మ. ఏడుస్తూ కాదు, కోపంగా. "మొన్న కొట్టిన లేబుళ్ళన్నిటి మీద ఉన్నది గదా. ఎట్ల పోయిందో నాకేమెరుక? ఇది మొదటిసారి గాదు. నేను మార్చినయి మల్ల పాతయి అయితనే ఉంటయి. ఎన్నిసార్లు ఫోన్ జేసిన వీళ్ళ ఆఫీసుకు! బంద్ జేసి మల్ల చాలు జెయ్యమంటరు, పెట్టేస్తరు."

ఇది నిజం. మా ఆఫీసులో ఫోన్లు ఎత్తేవాళ్ళు ఆమె ఫిర్యాదుల పక్కన ‘వాడేవారికి అవగాహన లేదు’ అని రాసి మూసేశారు. పిల్లలూ, మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ ముక్క రాస్తారు. రాసేముందు మీ చెయ్యి మీరే ఒక దెబ్బ కొట్టుకోండి. ఒకే మనిషి ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోందంటే, అవగాహన లేనిది ఆమెకు కాదు.

స్వాతి కంప్యూటర్ ముందు వంగి, తెర కిందిమూలకు చూసింది.

"యాదన్నా, తేదీ సూడు."

చూశాను. ఆ కంప్యూటర్ ఇంకా కొన్నేళ్ళ వెనకే ఉంది. మా ఊళ్ళో మెట్రో పిల్లర్లు లేస్తున్న కాలంలో.

"గది గట్లనే ఉంటది అక్కా" అంది పద్మ. "లేబుల్ గీసే సాఫ్ట్‌వేర్ వేరే ఉన్నది, ట్రయల్ది, కొన్ని దినాలే ఫుకట్‌గ నడుస్తది. దాని టైమ్ ఎప్పుడో అయిపోయింది. తేదీ ఎన్కకు దిప్పితెనే తెరుసుకుంటది. సారే దిప్పమన్నడు, నెట్ల నుంచి టైమ్ వచ్చుడు గూడ బంద్ జెయ్యమన్నడు."

"బిస్కెట్ల మీద ప్యాకింగ్ తేదీ?" అన్నాను.

"దానికి వేరే మిషన్ ఉన్నదన్నా. దాని తేదీ కరెక్టే."

ఇప్పుడు మొత్తం తెలిసిపోయింది. పద్మ ఈరోజు ఫైలు మార్చి దాచితే, ఆ కంప్యూటర్ దానిమీద కొన్నేళ్ళ కిందటి తేదీ వేస్తుంది. ప్రోగ్రాము బిగించిన రోజు నకలు తీసి మా ఆఫీసులో పెట్టుకున్న లేబుల్ ఫైలు, అది ఎంత పాతదైనా సరే, దానికన్నా కొత్తగా కనబడుతుంది. కొరియర్ వస్తుంది, తేదీలు చూస్తుంది, ‘కొత్తదే ఉంచు’ అనుకుని పద్మ చేసిన పనిని తుడిచిపెట్టి మాది పెడుతుంది. ప్రతిసారీ. ఆమె ఎంత జాగ్రత్తగా పనిచేసినా సరే.

ఈ తేదీ వెనక్కి తిప్పే అలవాటు ఒక్క ఆ ఫ్యాక్టరీదే అనుకోకండి. మా వైపు చిన్న యూనిట్లలో అది ఊదుబత్తి వెలిగించడం లాంటిది. పొద్దున్నే షట్టర్ ఎత్తాలి, తేదీ వెనక్కి తిప్పాలి, పని మొదలుపెట్టాలి. ట్రయల్ అయిపోయాక డబ్బిచ్చి కొనే సేటు ఒక్కడు కనబడేవాడు కాదు. కొందరైతే తిప్పి, మళ్ళీ ముందుకు తెచ్చేవాళ్ళు. సేటు ఆ కష్టం కూడా వద్దనుకుని, కంప్యూటర్‌ను శాశ్వతంగా గతంలోనే స్థిరపరిచాడు.

పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు

స్వాతి ఆగలేదు. చచ్చిపోయిన ఆ ‘ముందే చూపించే’ ఆప్షన్ ఆమె ల్యాప్‌టాప్‌లో ఇంకా బతికే ఉంది. పద్మను పల్లీల లైను మళ్ళీ చేర్చమంది. తర్వాత కొరియర్‌ను ఆ పద్ధతిలో నడిపింది. తెర మీద వచ్చింది: ఇక్కడున్న ఈ లేబుల్ ఫైలును పాతదిగా భావిస్తున్నాను, దీని స్థానంలో ఆఫీసు ఫైలు పెడతాను. కిందనే రెండు ఫైళ్ళూ పక్కపక్కన. ఒకదానిలో పల్లీలు ఉన్నాయి, ఒకదానిలో లేవు.

సేటు చూశాడు. చదివాడు. అర్థమైంది. అప్పుడేమన్నాడో తెలుసా?

"అయితే అయింది గనీ... ఇన్‌స్పెక్టర్‌కు గీ తేదీ సంగతి చెప్తే, నన్ను దొంగ సాఫ్ట్‌వేర్ కేసుల పట్టుకుంటరు. గీమెకు వేరే కాడ పని జూపిస్త. ఇప్పటికైతే గీమె తప్పే అందాం."

పెద్దసారు ఫోన్ చేశాడు. నేను స్పీకర్లో పెట్టి విషయం చెప్పాను.

"సరేనయ్యా, అర్థమైంది. కానీ తేదీ తిప్పింది వాళ్ళు. మన ప్రోగ్రాము తేదీ ప్రకారం కరెక్టుగానే చేసింది. ఆపరేటర్ పొరపాటనే చెప్పు. ఆయనకూ అదే మంచిది, మనకూ అదే మంచిది."

నా ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తున్నా మండుతోంది. ఒకాయన కొనాల్సింది కొనకుండా కాలాన్నే వెనక్కి తిప్పాడు. ఇంకొకాయన డెమోలో టీ చల్లారిపోతుందని, అడిగే ఆప్షన్‌ను చంపేశాడు. ఇద్దరికీ బిల్లుల మీద సంతకాలు తప్ప పరిచయం లేదు, ఎప్పుడూ కలిసి కూర్చోలేదు. కానీ ఒక లేబుళ్ళ అమ్మాయి మీద తప్పు తోసెయ్యడానికి వచ్చేసరికి ఎంత చక్కగా సింక్ అయ్యారో చూడండి! ఏ ఆప్షనూ అక్కర్లేకపోయింది.

"సార్" అన్నాను ఫోన్లో, "మీకు మంచిది, సేటుకు మంచిది. మరి పద్మకు?"

"ఆమె మన కస్టమర్ కాదయ్యా."

స్వాతి అప్పుడు మొదటిసారి గొంతు పెంచింది. "సార్, ఇది నేను రాసిన ఆప్షన్. తేదీ నమ్మొద్దని మీకు చెప్పిన. ఎవరన్న అడిగితే అదే చెప్త."

"ఇద్దరూ ఉద్యోగం చెయ్యాలనే ఉన్నారా?" అన్నాడు పెద్దసారు.

"నేను రిటైరయ్యే మనిషిని సార్" అన్నాను. "నాకేం ఫికర్? బడే నన్ను భయపెట్టలేకపోయింది."

ఈ ధైర్యం గురించి మీకు ఒక నిజం చెప్పాలి. నాది చవక ధైర్యం. ఇంకొన్నాళ్ళలో ఎలాగూ ఇంటికి పోయేవాణ్ణి. ఖరీదైనది స్వాతిది. ఇల్లు కొని వాయిదాలు కడుతోంది, అయినా అంది. కాబట్టి ఈ కథలో ఎవరినైనా మెచ్చుకోవాలనిపిస్తే ఆమెను మెచ్చుకోండి.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సేటు పద్మను ముందుకు పిలిచాడు. ఆమె కదల్లేదు. నేను ఇన్‌స్పెక్టర్‌కు కుర్చీ జరిపి, తెర మూల చూపించాను.

"ముందుగాల గీ తేదీ సూడున్రి సార్. దాని ఎన్క మిగిలింది చెప్త."

చెప్పాను. సేటు తేదీ సంగతీ చెప్పాను, మా కొరియర్ సంగతీ చెప్పాను. స్వాతి మళ్ళీ నడిపి చూపించింది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు అడిగి అర్థం చేసుకున్నాడు. ఆ తర్వాత పద్మను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ముందు కొట్టిన లేబుళ్ళు ఉన్నాయా అమ్మా?" ఆమె చెత్తబుట్ట పక్కన మిగిలిన రోల్ తెచ్చి విప్పింది. పల్లీల లైను ఉంది. ఆయన సేటు వైపు తిరిగాడు.

ఆ తర్వాత

సేటు మార్కెట్లో ఉన్న ప్యాకెట్లన్నీ వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కొన్నాడు, కొన్నానని ఊరంతా చెప్పుకున్నాడు. పద్మ కుర్చీ పద్మకే మిగిలింది. ఆమెకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. సేటు చెప్పలేదు, మా పెద్దసారు చెప్పలేదు.

పెద్దసారు ఇంకో గొప్పపని చేశాడు. కొన్నాళ్ళకు స్వాతి రాసిన ఆ రెండు ఆప్షన్లనూ బయటికి తీసి, తన కొత్త ఆలోచనగా కస్టమర్లకు డెమో ఇచ్చాడు. ‘మీ ఫైళ్ళ మీద మీకే అధికారం’ అని పెద్ద అక్షరాలతో. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను, అందరూ ఆపేశాక కూడా. స్వాతి ఆ సంవత్సరమే వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక మార్పు చేసింది. కొరియర్ అడిగే ప్రశ్న ఇంగ్లీషులో ఉండేది, దాన్ని తెలుగులో పెట్టింది. కింద రెండు బటన్లు, ‘సరే’, ‘వద్దు’. ఏదీ నొక్కకపోతే కొరియర్ ఏదీ ముట్టుకోదు.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు నేను చెప్పేది పెద్దదేమీ కాదు. కంప్యూటర్లు ఎప్పుడూ మీ ఆఫీసులో ఉన్నట్టు ఉండవు. మీరు పంపేచోట జనం ఉంటారు. వాళ్ళ అలవాట్లు ఉంటాయి, వాళ్ళ సేట్లు ఉంటారు. మీ ప్రోగ్రాము వేగంగా తప్పు చెయ్యడం కన్నా నెమ్మదిగా అడగడం మేలు. ఇది చెబితే మీ పెద్దసారు కూడా నెమ్మది అంటాడు. అననివ్వండి.

కొత్త కొరియర్ ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీకి మొదటిసారి వెళ్ళిన రోజు పద్మ నాకు ఫోన్ చేసింది. మళ్ళీ ఏం పోయిందో అని నేను భయపడ్డాను.

"ఏం పోలే యాదన్నా. మీది నన్ను అడుగుతున్నది. నా లేబులు తీసి వేరేది పెట్టాల్నా అని."

"ఏమన్నవ్ మరి?"

"వద్దన్న" అంది. "గీ ఫ్యాక్టరీల నన్ను అడిగింది గిదొక్కటే అన్నా."